ఆరడుగుల తాడు చివరి కుక్క

మా కుక్క మొదటిసారి రోడ్డు మీద కూలబడిన రోజున నా డైరీలో మూడు వాక్యాలు ఉన్నాయి. ఉదయం ఐదున్నరకు బయలుదేరాం. ఇంటి నుంచి పదకొండు వందల నలభై అడుగుల దూరంలో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కుక్క కూర్చుంది. లేపితే లేచింది గానీ ఇంటివైపు మాత్రమే నడిచింది.

నేను సర్వే శాఖలో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. సత్యవేడు నుంచి పలమనేరు దాకా ఎవరెవరి పొలం గట్లో కొలిచి, వాళ్ళ తగాదాలు నా నోట్‌బుక్కులో ఎక్కించాను. నడుస్తుంటే అడుగులు లెక్కపెట్టుకోవడం నా కాళ్ళు మానలేదు. అందుకే ఆ రోజు కుక్క అలిసిపోయిందని కాక, పదకొండు వందల నలభై అని తోచింది. అలా తోచేవాడి చేతికి పెంపుడు జంతువును ఇవ్వకూడదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో నా శ్రద్ధకు నేనే ముచ్చటపడ్డాను.

దానికి అప్పటికి పది నెలలు. పలమనేరు దగ్గర పాడి పశువులు పెట్టుకున్న మా బావమరిది జీపులో వేసుకొచ్చి మా వాకిట్లో దింపాడు. దింపుతూ పెళ్ళి సంబంధం చెప్పినట్టు దాని వంశం చెప్పాడు. తల్లి ఒంటరిగా ముగ్గురు దొంగలను తరిమిందట. తండ్రి చిరుతపులికి ఎదురు నిలబడ్డాడట. ఆ చిరుతను ఎవరైనా చూశారా అని అడిగితే, కుక్క చూసింది గదా బావా అన్నాడు. నా భార్య దానికి దేవుడి పేరు పెట్టింది. ఆ పేరు పెట్టి తిట్టడానికి నోరు రాక, నేను కుక్కా అనే పిలిచేవాణ్ణి.

మా ఇంట్లో దానికి ఒకటే నియమం. కుక్క వాకిట్లో, మేం ఇంట్లో. నేను తెల్లవారుజామునే తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని నడకకు వెళ్తాను. తిరిగి వచ్చి పూజ చేసుకుంటాను. మధ్యలో కుక్కను తాకితే మళ్ళీ స్నానం చెయ్యాలి. అందుకని ఆరడుగుల నైలాన్ తాడు కొలిచి కోశాను. అంతకంటే పొట్టిదైతే కుక్క వచ్చి పంచెకు తగులుతుంది, పొడుగైతే స్కూటర్ల కింద పడుతుంది. అన్నం గిన్నె కూడా పైనుంచి జారవిడిచి వచ్చేవాళ్ళం. ఆదివారం ఆదివారం మాంసం తినే ఇల్లే మాది. అయినా కుక్క వెంట్రుక తగిలితే మైలపడతామని ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో మా ఇద్దరికీ తెలియదు.

మొదటి వారంలో పదకొండు వందల నలభై. రెండో వారంలో తొమ్మిది వందలు. మూడో వారంలో వీధి మలుపు దాటలేదు. గేటు దగ్గర అరవడం మానేసింది. పాలవాడు కూడా దాన్ని దాటుకుని లోపలికి వచ్చేవాడు.

కపిలతీర్థం రోడ్డులో నాతో నడిచే మిత్రులు నలుగురు. అందరూ రిటైరైనవాళ్ళే, అందరికీ చదువుంది, ముగ్గురికి మాత్రల డబ్బాలున్నాయి. కుక్క సంగతి చెప్పగానే ఎవరి జబ్బు వాళ్ళు దానికి అంటగట్టారు. చక్కెర వ్యాధి ఉన్న బ్యాంకు మేనేజరు అది చక్కెరేనని తేల్చి, అన్నం మాన్పించి కొర్రలు పెట్టమన్నాడు. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేయించుకున్న హెడ్మాస్టరు, కుక్క కూర్చునే తీరు చూసి తన గుండెనొప్పి మొదలైన రోజు తానూ సరిగ్గా అలాగే కూర్చున్నానన్నాడు. థైరాయిడ్ ఉన్నాయన థైరాయిడ్ అన్నాడు. నాలుగో ఆయనకు ఏ జబ్బూ లేదు. అందుకని కుక్కకు బద్ధకం అన్నాడు. ఎవరి మాటా ఊరికే పోనివ్వకుండా అన్నీ రాసుకున్నాను. వారం రోజులు కొర్రలు కూడా పెట్టించాను. కుక్క వాటిని మూతితో పక్కకు తోసి నావైపు చూసింది. ఆ చూపు ఎలా ఉందో డైరీలో రాయలేదు. దానికి నా పట్టికలో గడి లేదు.

గడులు మాత్రం చాలా ఉన్నాయి. నడిచిన అడుగులు, తాగిన నీళ్ళు, తిన్న అన్నం, నిమిషానికి ఎన్ని ఊపిరులు, ఎండ ఎంత. కుర్చీ వేసుకుని, చేతి గడియారం చూస్తూ, తాడు పొడుగంత దూరం నుంచి దాని పక్కటెముకలు లేచి పడడం లెక్కపెట్టేవాణ్ణి. డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తారని నా భార్య అడిగితే, నెల రోజుల వివరం పూర్తికానీ అన్నాను. సగం కొలతతో హద్దు రాయి నాటకూడదు గదా.

"మీరు రాసుకుంటా ఉండండి. అది ఒకరోజు లెయ్యదు. దాన్ని గూడా రాసుకుందురు" అంది.

నిజం చెప్పాలంటే నాకు భయం. గుండె జబ్బు అంటారేమోనని భయం. చిన్న కుక్క. సాయంత్రాలు నేను పేపరు చదువుతుంటే, తాడు ఎంత సాగితే అంత దగ్గరికి వచ్చి పడుకునేది. నెల రోజులు కొలుస్తూ కూర్చుంటే నెల రోజులు ఏ మాటా వినక్కర్లేదు. భయాన్ని పద్ధతి అని పిలుచుకోవడం ఆఫీసులో నేర్చుకున్న విద్యే.

ఈలోగా బావమరిది ఫోన్ చేశాడు. కుక్క సంగతి విని, వంశగౌరవం మంటగలిసినట్టు నొచ్చుకున్నాడు. తర్వాత తానే దారి చూపించాడు.

"ఆ ఈతలో అదొకటి తాలు పోయింటాది బావా. దాన్ని నాకిచ్చెయ్. ఇంగో పిల్ల ఉండాది, తెచ్చిస్తా."

దీన్ని ఏం చేస్తావని అడిగాను.

"యాడన్నా ఇడిసిపెడ్తాలే" అన్నాడు, చెడిపోయిన టార్చిలైటు గురించి చెప్పినట్టు.

ఫోన్ పెట్టాక నా భార్యకు సగమే చెప్పాను. అతను వాళ్ళ తమ్ముడే కాబట్టి మిగతా సగం ఆమెకు ముందే తెలుసు. మరుసటి ఉదయం నెలకు ఇంకా నాలుగు రోజులు ఉండగానే ఆటో పిలిపించింది. నేను డైరీ సంకలో పెట్టుకున్నాను. కుక్కను గోనెసంచి మీద పడుకోబెట్టి, సంచిని చెరో పక్క పట్టుకుని ఆటోలో పెట్టాం. అప్పుడు కూడా తాకలేదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఒక చిన్నమ్మాయి. నా మనవరాలి వయసు ఉంటుందేమో. నేను డైరీ తెరిచి, ఎర్ర సిరాతో గీసిన పట్టిక ముందు పెట్టాను. ఆ అమ్మాయి మర్యాదగా రెండు పేజీలు తిప్పింది.

"ఇంత బాగా ఎవురూ రాసుకోని రారు సార్. చిగుర్లు ఏం రంగులో ఉండాయి?"

తెలియదన్నాను.

"చెవుల్లోపల సూసినారా?"

చూడలేదన్నాను. ఆ అమ్మాయి వేళ్ళతో కుక్క పెదవి పైకెత్తింది. చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. తర్వాత చెవి మడిచి నాకు చూపించింది. లోపల, నేరేడు గింజలంత లావున, బూడిదరంగు గోమార్లు వరసగా అతుక్కుని రక్తం పీలుస్తున్నాయి. వేళ్ళ సందుల్లో, మెడ కింద, తోక మొదట్లో, ఎక్కడ వెంట్రుకలు పాయ తీస్తే అక్కడ ఉన్నాయి.

"దీన్ని ఎవురూ తాకరా సార్?"

స్నానం, పూజ, పంచె అని ఏదో చెప్పాను. ముప్పై ఆరేళ్ళు రైతులు నా ముందు నిలబడి సాకులు చెబుతుంటే నా మొహం ఎలా ఉండేదో, ఆ అమ్మాయి మొహం అలా ఉంది.

"తాకకుండా ఎట్ల పెంచినారు?" అంది. వెటకారం కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది.

రక్తం తీసి పరీక్ష చేశారు. గోమార్ల వల్ల వచ్చే జ్వరం అది. ఉండాల్సిన రక్తంలో మూడో వంతు కూడా లేదు. నెల రోజులు మాత్రలు వెయ్యాలి. పూటకోసారి ఒళ్ళంతా వెతికి గోమార్లు తీసెయ్యాలి. రెండు వారాల ముందు తెచ్చి ఉంటే బతుకుతుందని గట్టిగా చెప్పేదాన్ననీ, ఇప్పుడు మాత్రం మాట ఇవ్వలేననీ డాక్టరు అంది. ఆ రెండు వారాల వివరం నా సంకలో అక్షరం పొల్లుపోకుండా ఉంది.

ఇంటికి వచ్చాక ఎవరు తాకాలన్న ప్రశ్న వచ్చింది. నేను ఆలోచిస్తున్నాను. నా భార్య ఆలోచించలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని వాకిట్లో చతికిలబడి, కుక్క తలను ఒళ్ళో పెట్టుకుని, బొట్టు దిద్దుకునే అద్దం పక్కనుండే చిన్న పట్టకారు తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. ఉప్పునీళ్ళ గిన్నె పట్టుకోమంది. పట్టుకున్నాను. ఒక్కొక్కటే తీసి అందులో వేసింది.

మొదటి రోజు ఇద్దరం రెండుసార్లు స్నానం చేశాం. రెండో రోజు కూడా. మూడో రోజు సాయంత్రం నాకు ముక్కు దిబ్బడ పట్టింది. నాలుగో రోజు నుంచి రెండో స్నానం మానేశాం, దేవుడు మమ్మల్ని అలాగే భరించాడు. ఆకాశం విరిగి పడలేదు. మాత్రను ఉడికిన గుడ్డు పచ్చసొనలో పెట్టి, నోరు తెరిపించి, గొంతు నిమరాలి. ఆ గొంతు మెత్తగా ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

నా మిత్రులకు విషయం చెప్పాను. తాను మొదటి నుంచీ రక్తం సంగతే అంటున్నానని బ్యాంకు మేనేజరు అన్నాడు. చక్కెర కూడా రక్తంలోనే ఉంటుంది గదా.

పన్నెండో రోజున బావమరిది జీపు వచ్చింది. చేతిలో వెదురు బుట్ట, అందులో బొద్దుగా ఒక కుక్కపిల్ల. వాకిట్లో నేను కుక్క వెనక్కాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు వెతుకుతున్నాను. గోమార్ల గిన్నె చూసి, ఇదా సంగతి అన్నాడు. తన కొట్టంలో పశువులకు రోజూ తీయిస్తాడట. మరి నాకు ఫోన్‌లో ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు చదువుకున్నోడివి, నీకు తెల్దా బావా అన్నాడు. నేను కుక్క రెండో కాలు ఒళ్ళోకి తీసుకున్నాను.

"సరే, అది బతికేది లేదులే గానీ దీన్ని ఉంచుకోండి" అని బుట్ట కింద పెట్టబోయాడు.

నా భార్య గడపలోనే నిలబడి ఉంది. "ఆ బుట్ట ఈడ దించొద్దు" అంది. "కాఫీ తాగి పో."

కాఫీ తాగి పోయాడు. బుట్ట అతని ఒళ్ళోనే ఉంది.

నెల తిరిగాక మళ్ళీ రక్తం తీయించడానికి వెళ్ళాం. ఆసుపత్రుల వాసన పడని నా భార్య ఈసారి బయట ఆగలేదు. బల్ల పక్కనే నిలబడింది. డాక్టరమ్మాయి కాగితం చదివి, చిగుళ్ళు చూసి, ఇంకో రెండు నెలలు దాన్ని దూరం నడిపించొద్దనీ, ఎండలో తిప్పొద్దనీ చెప్పింది. ఇంకా ఏదో చెబుతుంటే నా భార్య అడ్డు తగిలింది.

"అదంతా ఈయన రాసుకుంటాడు గానీ, ఇది ఉంటాదా?"

"ఉంటాదమ్మా."

బయటికి వచ్చాం. మొదటి ఆటో అతను కుక్కను ఎక్కించుకోనన్నాడు. రెండో అతనూ అంతే. మూడో అతను నోరు తెరిచేలోగా ఆమె దాని ముందుకాళ్ళు సీటు మీద పెట్టించి, వెనక నుంచి రెండు చేతులతో లోపలికి తోసి, తాను పక్కన కూర్చుంది. నాకు చోటు మిగల్లేదు. డ్రైవరు పక్కన ఒక మూల ఆనుకుని కూర్చున్నాను.