బావగారి గోరంత కోత

చెప్పుల జత దగ్గర్నుంచి చెవిపోటు దాకా, తనది బావమరిది దానికంటే ఒక మెట్టు పైనని తేల్చుకోకపోతే బావకి ముద్ద దిగదు. బావమరిదిది ప్రింటింగ్ ప్రెస్సు. బావ దానికెదురుగా కొట్టు పెట్టుకుని తాళాలు బాగుచేస్తాడు. ప్రెస్సులో కొత్త ఫ్యాను బిగిస్తే బావ వచ్చి దాని కింద నిలబడి, "గాలి ఉంది. మా దానికున్నంత లేదు" అని వెళ్లిపోయాడు.

నడుం నొప్పిలోనూ పోటీయే. వెన్నులో నరాల దారి ఇరుకై ఇద్దరికీ నాలుగడుగులకే కాళ్లు లాగేవి.

"నాకు రెండు కాళ్లూ. నీకు ఒకటేగా?" అనేవాడు బావ, గెలిచినట్టు.

బావమరిదికి నవ్వొచ్చేది కాదు. అతని అక్క ఆపరేషన్ బల్ల మీదే పోయింది. ఒప్పుకుంటూ సంతకం పెట్టింది ఈ బావే. అప్పట్నుంచీ ఆయన మాటంటేనే చేదు. "పాదం పట్టు తప్పుతోంది, ఆలస్యం చేస్తే తిరిగి రాకపోవచ్చు" అని నడుం చూసిన డాక్టరమ్మ చెప్పినా బావమరిది మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఈలోగా బావ ఆ డాక్టరమ్మ దగ్గరే ఆపరేషన్ చేయించేసుకున్నాడు. కొన్నాళ్లకి ప్రెస్సులోకి నిటారుగా నడిచొచ్చి చొక్కా ఎత్తాడు.

"చూడు. కెమెరా గొట్టంతో చేశారు. గోరంత కోత. నీకైతే మైక్రోస్కోపు పెట్టి బెత్తెడు కోస్తారట. అయినా పిరికివాడివి, నీకెందుకులే."

"అక్కకీ ఇలాగే చెప్పి పంపావా?"

బావ చొక్కా దించుకుని వెళ్లిపోయాడు.

ఆ ఉక్రోషంతోనే బావమరిది డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు. "ఆయనకి చేసింది గొప్పదా, నాకు చేస్తానన్నది గొప్పదా?"

"గొట్టంతో చేస్తే కాస్త తొందరగా లేస్తారు. మీకు రెండు చోట్ల ఎముక తియ్యాలి, మైక్రోస్కోపే నయం. కోత అంగుళమే. ఏడాది తిరిగేసరికి ఎవరి నడకైనా ఇంచుమించు ఒకటే." ఆమె కాస్త తటపటాయించింది. "మీకు చెప్పొద్దన్నారు గానీ, మీ బావగారికి ఆపరేషన్ ఇంత తొందరగా అక్కర్లేదు. మందులతో చూద్దామన్నాను. 'నేను లేచి తిరిగితేగానీ వాడు రాడమ్మా, ముందు నన్ను కొయ్యండి' అన్నారు."

బావమరిది కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నాకెప్పుడు చేస్తారు?" అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక, వరండాలో అతని మోచెయ్యి పట్టుకుని నడిపించింది బావే. అక్క ఊసు ఇద్దరూ ఎత్తలేదు. అది మానే గాయం కాదు.

"నా కుట్లు నీ వాటికంటే ముందే ఆరాయి" అన్నాడు బావ.

"అవును బావా. నీదే మేలు."

బావ ఠక్కున ఆగిపోయాడు. గెలిచాక ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు.

"అబ్బే," అన్నాడు చివరికి, "నీది కూడా మరీ అంత తీసెయ్యాల్సిందేం కాదు."