మహారాణి పెట్టుడు రెప్పలు

హోటల్ కింది అంతస్తులో, కిటికీ లేని లాండ్రీ గదిలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆమెను అందరూ మహారాణి అనేవారు. ఒంటి మీద నగలుండి కాదు, హోదా ఉండి అంతకంటే కాదు. ఆవిరి ఇస్త్రీపెట్టె బుస్సుమన్నప్పుడల్లా ఆమె మెడ పక్కకి తిప్పి, గడ్డం పైకెత్తి, ఎవరో మొర పెట్టుకుంటుంటే విననట్టు నిలబడేది.

"ఇస్త్రీ చేస్తున్నావా, దర్బారు చేస్తున్నావా?" అనేవాడు పక్క బల్ల ముసలాయన.

"రెండూను. మీ అర్జీ ఏమిటో చెప్పండి," అనేది మహారాణి.

నవ్వేవాళ్లు నవ్వేవారు, పొగరనుకునేవాళ్లు అనుకునేవారు. అసలు సంగతి వేరు. ఆవిరి తగిలితే జిగురు ఊడిపోతుంది.

మహారాణివి పెట్టుడు రెప్పలు. పెట్టుడు పళ్లని గ్లాసులో వేసి నలుగురి ముందూ పెట్టుకునే మనుషులున్న లోకంలో, ఈ రెప్పల ముచ్చట మాత్రం ఆమె కట్టుకున్నవాడి దగ్గర కూడా దాచింది. చిన్నప్పుడు పరీక్షల భయానికో, అమ్మ తిట్ల బాధకో, కంటి దగ్గర ఒక వెంట్రుక పీకింది. చురుక్కుమంది, ఆ వెంటనే మనసు కాస్త తేలికపడింది. ఆ తేలిక కోసం ఇంకోటి. కొందరు గోళ్లు కొరుక్కుంటారు, కొందరు కాళ్లు ఊపుతారు, ఈమె రెప్పవెంట్రుకలు పీక్కుంది. ఈడొచ్చేసరికి రెండు కళ్లకీ ఒక్క వెంట్రుక మిగల్లేదు. ఇక మొలవడం కూడా మానేశాయి. పీకే అలవాటు తర్వాత్తర్వాత పోయింది కానీ, అప్పటికే చేను బీడైపోయింది.

"ఎవరి కంటా పడనివ్వకే. ఏదో మాయరోగం అనుకుంటారు," అని మొదటి జత అమ్మే అంటించింది.

అప్పట్నుంచీ రోజూ ఒకటే తంతు. ఇంటాయన లేవకముందే స్నానాలగదిలో గడియ పెట్టుకునేది. రెప్పల పట్టీని వేలికి చుట్టి మెత్తబరిచేది. అంచుకి దారమంత సన్నగా జిగురు రాసి, తెల్లగా ఉన్నది కాస్తా నీళ్లరంగుకి తిరిగేదాకా ఊదుతూ కూర్చునేది. తొందరపడితే జారుతుంది, ఆలస్యమైతే పట్టదు. సొంత రెప్పలున్నవాళ్లు వాటి మీద ఆనించి పెట్టుకుంటారు, గోడకి అరుగున్నట్టు. ఈమెకి ఆ అరుగు లేదు, వట్టి గోడే. అందుకని ముందు నల్ల పెన్సిల్‌తో గీత గీసి, చూపు కిందకి దించి, ఆ గీత మీద నడుమ ఒకసారి, మూలల దగ్గర రెండుసార్లు నొక్కేది. గడియ తీసి బయటికొచ్చేసరికి ఎవరికీ లేనంత చక్కటి కళ్లు.

ఒకసారి మాత్రం కొంప మునగబోయింది. దిండు మీద ఊడిపడిన రెప్పని చూసి ఇంటాయన "జెర్రిపిల్ల!" అని కేకవేసి చెప్పుతో దాన్ని చావబాదాడు. ఆయన బస్సు కండక్టరు. ఆ కేకకి పక్కింటివాళ్లు కూడా లేచారు. "చచ్చిందిలెండి, పడుకోండి," అని మహారాణి దాన్ని కాగితంలో చుట్టి తీసుకుపోయింది, శవాన్ని తీసుకుపోయినట్టే.

ఆ హోటల్లోనే మూడో అంతస్తు గదులు ఊడ్చి, పక్కలు మార్చే పిల్ల ఒకతె ఉండేది. చిన్న మనిషి, నోరు మూతపడదు. గువ్వ అనేవారు. ఆమె మొగుడు సామాన్ల లిఫ్టు నడిపేవాడు. అతనికి మాట తక్కువ. ఇద్దరూ మధ్యాహ్నం లిఫ్టు పక్కనే నేల మీద కూర్చుని ఒకే డబ్బాలో తినేవారు. ఆవిడ మాట్లాడేది, ఆయన నమిలేవాడు.

ఒకరోజు గువ్వ సరదాపడి అంగట్లో పెట్టుడు రెప్పలు కొనుక్కుని, పెట్టుకుని పనికొచ్చింది. ఒకటి పైకి, ఒకటి కిందకి. హోటలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"ఇలా రావే," అని మహారాణి ఆ రెండూ తీసి, సరిచేసి, చిటికెలో అంటించింది.

"నీకెలా తెలుసక్కా ఇదంతా?"

"గుడ్డకి బొత్తాం కుట్టేదాన్ని, కంటికి రెప్ప అంటించలేనా?"

"నీకేంలే అక్కా! నీకు దేవుడే పెట్టి పంపాడు. మాకేమో అంగడివాడు పెట్టాలి," అంది గువ్వ. మహారాణి నవ్వింది. ఆ నవ్వు తనకే చేదుగా తగిలింది.

తర్వాత కొద్దిరోజులకే గొడవ మొదలైంది. మూడో అంతస్తులో చాలాకాలంగా దిగి ఉన్న వ్యాపారస్తుడి దగ్గరికి, ముందు చెప్పకుండా, భార్య వచ్చింది. వచ్చీరాగానే బీరువాలో వేలాడుతున్న చొక్కాలు చూసింది. ఒకదాని కాలరు మడత కింద నల్లటి రెప్ప, పుస్తకంలో పెట్టిన ఆకులా అణగి అంటుకుపోయి ఉంది. దాన్ని పీకి, చేతిరుమాల్లో పెట్టుకుని కిందికొచ్చి, నలుగురూ ఉండగా మేనేజరు బల్ల మీద పరిచింది.

"ఇది మా ఆయన మెడ దగ్గర దొరికింది. ఏ కంటిదో తేల్చండి. తేలేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

వ్యాపారస్తుడు చెమటలు కక్కాడు. "నాకేం తెలుసు? గది ఊడ్చే అమ్మాయి వస్తుంది, పోతుంది. నేను బయట తిరిగేవాణ్ణి," అన్నాడు. తన మీదికొచ్చిన గాలివానని పక్కవాళ్ల పెరట్లోకి తోసేశాడు. పెట్టుడు రెప్పలంటే హోటల్లో అందరికీ ఒక్క మొహమే గుర్తొచ్చింది.

గువ్వ ఇంటికి పరుగెత్తి తన రెప్పల డబ్బా తెచ్చింది. "ఇవిగో సార్, నావి రెండూ ఉన్నాయి! చూడండి, రెండూ!"

"ఇంకో జత కొనుక్కోకూడదని ఎక్కడైనా ఉందా?" అన్నాడు మేనేజరు. రేపట్నుంచి రావద్దన్నాడు.

ఈ కబురు లాండ్రీకి ముసలాయన మోసుకొచ్చాడు. మహారాణి చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఆగి, దిండుగలీబు కమురు వాసన కొట్టింది. ఆ రెప్ప ఎవరిదో ఆమెకొక్కదానికే తెలుసు. ఆ చొక్కాలు ఇస్త్రీ చేసిన పూట తెల్లబట్టలు ఎక్కువొచ్చి, ఆవిరికి గది మసకబారింది. మొహం కడుక్కోబోయి అద్దంలో చూసుకుంటే ఎడమ రెప్ప లేదు. రుమాలు అడ్డం పెట్టుకుని బల్ల కిందా బుట్టల్లోనూ వెతికింది, కనబడలేదు. సంచీలోంచి ఇంకో రెప్ప తీసి అంటించుకుంది. నేలమీద పడి ఊడ్పులో పోయిందనుకుంది. నిజానికి తనకే తెలియకుండా తానే దాన్ని కాలరు మడతలో పెట్టి, పైన వేడి ఇస్త్రీ తోసి, మడతతో సహా మేడమీదికి పంపింది.

చెప్పెయ్యాలి అనుకుంది. రేపు చెబుదాం అనుకుంది. పెద్దింటి గొడవ, వాళ్లు గది ఖాళీచేసి పోతే అదే సద్దుమణుగుతుంది, గువ్వని మళ్లీ పిలుస్తారు అనుకుంది. చెప్పకపోవడానికి మనిషికి దొరికినన్ని కారణాలు, చెప్పడానికి దొరకవు. వ్యాపారస్తుడూ భార్యా గది ఖాళీచేసి పోయారు. గువ్వని ఎవరూ పిలవలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం లిఫ్టు పక్కన గువ్వ మొగుడొక్కడే కూర్చుని తినడం మహారాణి చూసింది. డబ్బా మూత కూడా సరిగ్గా తియ్యలేదు.

"గువ్వేదీ?" అంది.

"వాళ్లక్క ఇంటికి పంపేశాను," అన్నాడు తలెత్తకుండా.

"ఎన్నాళ్లకి?"

"ఇక అక్కడే."

మహారాణి బట్టల బండి లిఫ్టులోకి తోసి, తనూ ఎక్కింది. "తమ్ముడూ, మధ్యలో ఆపు," అంది. అతను విసుగ్గా మీట నొక్కాడు. రెండు అంతస్తుల నడుమ, గోడ మొహంలో మొహం పెట్టి లిఫ్టు ఆగింది.

"ఆ రెప్ప నాది. ఇస్త్రీ చేస్తుంటే ఊడి చొక్కాలో పడింది. గువ్వకి ఏ పాపం తెలీదు."

"అక్కా, మీ పని మీరు చూసుకోండి."

ఆమె ఎడమ కంటి మూలన గోరు పెట్టి పట్టీ లాగింది. తర్వాత కుడిది. కట్టుకున్నవాడికి చూపించని కళ్లు, మిణుకుమనే బల్బు కింద, లిఫ్టు నడిపేవాడికి చూపించింది. ఎర్రటి అంచులు, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిట్టపిల్ల కళ్లలా ఉన్నాయి.

అతను చూసి, తల తిప్పుకుని, మళ్లీ చూశాడు. "ఎంత పని చేశావక్కా!" అన్నాడు. గొంతులో జాలి. "దానికోసం పీకేసుకున్నావా?"

"పీక్కోవడం కాదురా! చిన్నప్పట్నుంచీ లేవు. ఇవి పెట్టుడువి, ఇదిగో చూడు!"

"అవి గువ్వవే అయ్యుంటాయి. నీకిచ్చి పంపింది. నీ రెప్పలు నిజమైనవని ఈ హోటలంతా సాక్ష్యం చెబుతుందక్కా. నేనూ చెబుతాను." మీట నొక్కాడు. లిఫ్టు కదిలింది. "అబద్ధం కోసం కళ్లు పోగొట్టుకునేంత మంచిదానివి. కానీ నన్ను పిచ్చివాణ్ణి చెయ్యకు."

ఇన్నేళ్లూ అంత జాగ్రత్తగా దాచింది. దాచినంతకాలం అది గెలుపే అనుకుంది. ఇప్పుడు నిజం చెబితే సాక్షి ఒక్కడు లేడు.

మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఒక్కసారి చూసి, చూపు బల్ల మీదికి దించుకున్నాడు. "అయిపోయిన గొడవమ్మా అది. ముందు ఆ కళ్లు కప్పుకోండి. అతిథులు తిరిగే చోటు," అన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లి, వంటగదిలో నీళ్లు తాగుతున్న మొగుడి ఎదుట అదే మొహంతో నిలబడింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఇవాళ పెట్టుకోలేదేం?" అన్నాడు.

మహారాణి చెయ్యి కళ్ల దగ్గరికి పోయింది.

"కొట్టింది జెర్రిని కాదని దాని మీద చెప్పు పడ్డాకే తెలిసింది. జెర్రికి జిగురుంటుందా? నువ్వు దాచుకుంటున్నావు, పోనీలే అని ఊరుకున్నాను."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అక్కడే నిలబడి అంతా చెప్పేసింది. "రేపొక్కసారి వచ్చి ఆ లిఫ్టతనితో ఒక్క ముక్క చెప్పండి. ఎప్పట్నుంచో లేవని. మీ మాట నమ్ముతాడు. ఆ పిల్ల కాపురం నిలబడుతుంది."

ఆయన మొహం మారిపోయింది. "ఏమని చెప్పను? మా ఆవిడవి బోడికళ్లు, నేను తెలిసీ తెలియనట్టు నోరుమూసుకుని పడున్నాను అనా? రోజూ బస్సులో పదిమంది మధ్య తిరిగేవాణ్ణి. వాళ్ల కాపురం నిలబెట్టడానికి నా పరువు తియ్యమంటావా?"

"మీరు ఊరుకోవడం మంచితనమే కదండీ. అదే చెప్పండి."

"ఇంట్లో ఉన్నంతసేపే అది మంచితనం," అని లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆమె స్నానాలగది గడియ పెట్టుకోలేదు. ఉత్త కళ్లతో పనికి వెళ్లింది. "మహారాణిగారి కిరీటమేదీ?" అన్నారెవరో. ముసలాయన మాత్రం తన ఇస్త్రీపెట్టె ఆవిరి ఆమెకి తగలకుండా అటువైపు తిప్పుకున్నాడు. బట్టల నూగంతా నేరుగా కళ్లలోకే పోయేది. సాయంత్రానికి కళ్లు చింతనిప్పులు.

బండి పైకి తీసుకెళ్లిన ప్రతిసారీ లిఫ్టు బల్బు కింద అతనికెదురుగా నిలబడేది.

"చూడు తమ్ముడూ. మొన్న పీక్కున్నవైతే మొలుస్తాయి. చూస్తూ ఉండు."

అతను మీట వైపు చూసేవాడు. కొన్నాళ్లకి దొంగచూపులు చూశాడు. ఇంకొన్నాళ్లకి తిన్నగానే చూశాడు. ఆ మధ్యలో ముసలాయన వంగి ఏదో తీయబోయి, వేడిపెట్టె తగిలి ఒక కనుబొమ్మ కాల్చుకున్నాడు. బట్టల బండితో ఆయనా లిఫ్టెక్కితే అందరూ నవ్వారు. వారాలు గడిచేకొద్దీ ఆ కనుబొమ్మ నూగు వేసింది, గరుకుపడింది, ముందుకంటే గుబురుగా లేచింది. పక్కనే నిలబడ్డ మహారాణి రెప్పల అంచులు మాత్రం మొదటిరోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఒక ఉదయం అతను లిఫ్టు తానే ఆపాడు.

"మొలవలేదక్కా," అన్నాడు.

"మొలవవురా."

మీట మీంచి చెయ్యి తీసేశాడు. "నాతో వస్తావా? ఒక్కణ్ణే వెళ్లలేను," అన్నాడు.

గువ్వ ఇప్పుడు బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పనిమార్పు వేళ ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. నెత్తికి టోపీ, మెడలో వేలాడే మూతిగుడ్డతో గువ్వ పనిలోకి వచ్చింది. చిక్కిపోయింది. మొగుణ్ణి దాటి చూసి, మహారాణి కళ్ల దగ్గర ఆగింది.

"అక్కా! ఏమైంది నీ కళ్లకి?"

"ఏమీ కాలేదే. ఎప్పుడూ ఇంతే. ఆ చొక్కాలో రెప్ప నాది."

గువ్వ చాలాసేపు మాట్లాడలేదు. నోరు మూతపడని పిల్ల మాట్లాడకపోతే వినేవాళ్లకి భయమేస్తుంది.

"తప్పయిపోయింది," అన్నాడు అతను. "నా కళ్లారా చూశాను. అక్క చెప్పింది నిజమే. ఇంటికి రా."

"అక్క కళ్లు చూసి నమ్మావు," అంది గువ్వ. గొంతు పెంచలేదు. "నేను ఏడ్చిన ఆ రాత్రి నా కళ్లు నీ ఎదురుగానే ఉన్నాయి. వాటిలో నీకేమీ కనబడలేదు. రేపు ఇంకెవరి రెప్పో ఇంకెక్కడో దొరుకుతుంది. అప్పుడు నాకు సాక్ష్యానికి ఎవరి కళ్లు తెచ్చుకోను?"

అతను గేటు ఊచ పట్టుకున్నాడు.

"నువ్వు ఆరోజు సాయంత్రమే చెప్పి ఉంటే, అక్కా," అంది మహారాణితో. "అప్పటికింకా ఇంట్లోనే ఉన్నాను." తిట్టినట్టు కూడా అనలేదు. మూతిగుడ్డ పైకి లాక్కుని, ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, లోపలికి వెళ్లిపోయింది.

"లోపలివాళ్లా? కాకపోతే గేటుకి అడ్డం తప్పుకోండి," అన్నాడు కాపలావాడు.

ఇద్దరూ పక్కకి జరిగారు. "పద తమ్ముడూ," అంది మహారాణి. అతను కదల్లేదు. పని అయ్యాక మళ్లీ ఈ గేటులోంచే కదా వస్తుంది అన్నాడు. రాదని, వచ్చినా అతనివైపు నడవదని మహారాణికి తెలుసు. చెప్పలేదు. ఆమె కూడా అక్కడే నిలబడింది. అతన్ని వదిలి వెళ్లడానికి మొహం చెల్లలేదు.