సాక్షి సంతకం కింద ఒక 'ఆయ్'

ఐ.పోలవరం దగ్గరి రొయ్యల ఫ్యాక్టరీలో నీటి నమూనాలు పరీక్షించడం నా ఉద్యోగం. రెండుసార్లు కొలవనిదే ఏ అంకెనూ నమ్మేదాన్ని కాదు. ఒకరోజు మేనేజరు గారు నన్ను సాక్షిగా పిలిపించారు. ఐసు మధ్య రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసే ఒకామె ఆయన ఎదుట నిలబడి ఉంది. ఆమెకు ఏడో నెల. జీతంతో ప్రసూతి సెలవు ఇమ్మని అర్జీ పెట్టుకుంది.

"ఇంత కడుపుతో ఆ చలిలో ఎందుకమ్మా? నీ అంతట నువ్వే మానేసినట్టు రాసుకుంటాను. కాన్పయ్యేక చూద్దాం," అన్నారాయన.

"ఆయ్," అందామె.

ఆయన 'అంగీకరించినది' అని రాసి, కాగితం నా వైపు జరిపారు.

"ఆయ్ అంటే విన్నానని కూడా అర్థమేనండీ. ఒప్పుకున్నట్టు రుజువు కాదు," అని, మానేయడానికి ఒప్పుకున్నావా అని ఆమెనే అడిగాను.

"పెద్దాయన చెబుతుంటే పలక్కపోతే బాగోదని అన్నానండీ. పని మానేసి ఎలా బతకనండీ?" అందామె.

మేనేజరు గారు నవ్వారు. "మాట మార్చడం ఎవరు నేర్పేరో తెలుస్తోందిలెండి. మీ కాంట్రాక్టు తీరేదీ నెలాఖరుకే కదండీ మేడమ్? సంతకం పెట్టెయ్యండి."

ఆ సెలవు చట్టంలో ఉందని నాకు తెలుసు. కాగితం మీది మాట అబద్ధమనీ తెలుసు. ఆమె నా చేతినే చూస్తోంది. కుదరదని చెప్పడానికే నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట "ఆయ్".

నేను అన్నది 'విన్నాను' అనే అర్థంలోనేనని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. ఆ కాగితం మీద మాత్రం నా సంతకం ఉంది.