గుర్రానికి నీళ్లు ఎవరు తాపిన్రు?

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నేను కాలేజీలో ఉండగా అమ్మ ఫోన్ చేసి, “పెద్దమ్మ దవాఖానల పానం ఇడిసింది బిడ్డా. ఇంటికి రా” అన్నది. ఆటోలో వస్తుంటే ఒళ్లో పెట్టుకున్న బ్యాగు బరువుగా తగిలింది. అందులో ఒక లావుపాటి నవల ఉంది. నాలుగు భాగాల సాహసగాథలో అది ఆఖరి భాగం. దానిలో చివరి అధ్యాయం ఒక్కటి ఇంకా చదవలేదు. అది నేను పెద్దమ్మకు చెప్పాల్సిన అధ్యాయం.

ఈ పేజీలో నెలనెలా నేను చదివిన మాయాలోకాల నవలల గురించి, సాహసాల నవలల గురించి నా అభిప్రాయాలు రాస్తున్నాను. వయసుకు మించి ధీమాగా రాస్తానని మీలో కొందరు మందలించారు. డ్రాగన్ల కథల్లో ఎప్పుడూ డ్రాగన్ పక్షమే తీసుకుంటానని ఇంకొందరు ఆటపట్టించారు. ఈ నెల ఏ పుస్తకం గురించీ రాయలేను. నా అభిప్రాయాల్లో సగం నావి కావు, ఆ సగం ఎవరిదో మాత్రం చెప్పగలను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. వాళ్ల గోడా మా గోడా ఒకటే. బీడీలు చేసేది. చదువు రాదు. నేను పుట్టక ముందు నుంచీ వాళ్ల ఇంటి ముందరి అరుగు మీద ఒకే మూలకు ఆనుకొని కూర్చునేదట. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, చేతిలో కత్తెర. ఆ కత్తెర చప్పుడు మా ఇంట్లోకి గడియారం చప్పుడులా వినిపిస్తూనే ఉండేది, దాని మీద మాకు పట్టింపు కూడా ఉండేది కాదు.

ఆరో తరగతిలో నన్ను తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మార్చారు. అప్పటిదాకా క్లాసులో నోరు మూయమని తిట్లు తిన్నాను, అక్కడి నుంచి నోరు తెరవమని తిట్లు తిన్నాను. రోజూ ఇంట్లో ఒక ఇంగ్లిష్ పుస్తకం పైకి చదవమని టీచర్ చెప్పింది. మా ఇంట్లో చదవడానికి గోడ మీది క్యాలెండర్ తప్ప ఏమీ లేదు. మా బాపు, అంటే నాన్న, పాత సామాన్ల దుకాణంలో వెతికి అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి తెచ్చాడు. లావుగా ఉంది కాబట్టి మంచిదై ఉంటుందని ఆయన లెక్క. మొదటి పుటలో ఒక మ్యాపు, లోపలంతా రాజ్యాలు, కత్తులు, రెక్కల జంతువులు.

అమ్మ వంటలో ఉండటంతో పుస్తకం పట్టుకొని పెద్దమ్మ అరుగెక్కాను. ఒక పేజీ గడగడా చదివి పారేశాను. ఆమె ఆకు కత్తిరిస్తూనే అడిగింది.

“సమజైందా నీకు?”

“లేదు పెద్దమ్మ.”

“మరి ఎవలికోసం సదువుతున్నవు? నాకు తెలుగుల జెప్పు. నాకు జెప్తె నీగ్గూడ సమజైతది.”

ఆ రోజు నేను చెప్పగలిగింది ఇంతే: ఒకడు గుర్రం మీద వాన్లో వచ్చాడు, ఒక ఇంట్లోకి పోయాడు, మంట దగ్గర కూర్చున్నాడు. మిగతాది అర్థం కాలేదు. పెద్దమ్మ మాత్రం అక్కడే ఆగిపోయింది.

“గుర్రమో?”

“గుర్రమేంది?”

“వాడు లోపటికి పోయిండు, మంట కాగుతుండు. గుర్రం వానల నిలవడ్డది గద. దానికి నీళ్లు ఎవరు తాపిన్రు?”

పుస్తకంలో లేదని చెప్పాను. సరిగ్గా చూడమంది. నేను నిజంగానే ఆ పేజీ అంతా వెతికాను, ప్రతి పదం మీద వేలు పెట్టి, తెలియని పదాలకు స్కూలు డిక్షనరీ తిరగేసి. గుర్రానికి ఎవరూ నీళ్లు పెట్టలేదు. కానీ ఆ వెతుకులాటలో ఆ పేజీ మొత్తం నాకు అర్థమైపోయింది. నాకు ఇంగ్లిష్ వచ్చింది ఆ గుర్రం వల్లే.

అప్పటి నుంచి స్కూలు నుంచి రాగానే మొహం కడుక్కొని ఆ అరుగు మీదికే పోయేదాన్ని. చదివిన భాగం తెలుగులో చెప్పాలి. చెప్పకపోతే ఆమె ఊరుకోదు. “నిన్న వాన్ని బావిలనే ఉంచి పోయినవు, పైకి తీసినవా లేదా?” అని నేను గేటు తీయకముందే అడిగేది. ఎవడో కట్టుకథలో వాడు బావిలో ఉంటే ఆమెకు అన్నం సయించలేదన్నట్టు మాట్లాడేది. అలా అడిగే మనిషి ఉన్నప్పుడు చదవకుండా ఎలా ఉంటాను?

డ్రాగన్ దగ్గర పెద్ద పొరపాటు జరిగింది. ఆ మాటకు తెలుగులో ఏమనాలో తెలియక “రెక్కలున్న పెద్ద పాము, గుట్టల బంగారానికి కావలుంటది” అని చెప్పాను. పెద్దమ్మ చేతులు జోడించింది. ఆమె చిన్నప్పుడు విన్నవన్నీ లంకెబిందెలకు కాపలా ఉన్న నాగుపాము కథలే. హీరో కత్తి తీసుకొని గుహలోకి పోతుంటే ఆమెకు కోపం వచ్చింది.

“వాడెవడు గాడికి పోనీకి? అది దాని జాగల అది పండుకున్నది. పుట్టల పాలు పోసి మొక్కాలె గని, కత్తి తీస్కపోతడా?”

“అది ఊర్లను కాలవెడతది పెద్దమ్మ.”

“దాని బంగారం ముట్టుకుంటెనే గద కాలవెట్టింది? నువ్వే జెప్పినవు మొన్న.”

చెప్పింది నేనే. తర్వాతి రోజు హీరో పామును చంపేశాడు. ఆమె ఆ సాయంత్రమంతా నాతో ముభావంగా ఉంది, ఆ పని నేనే చేసినట్టు. ఇన్నేళ్లయినా డ్రాగన్ చచ్చే పేజీ దగ్గర నాకు ఆ ముభావమే గుర్తొస్తుంది. నేను దాని పక్షం ఎందుకు తీసుకుంటానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఆమె తీర్పులు చాలానే ఉన్నాయి. మొదటి పేజీలో పొలంలో పనిచేసే పిల్లగాడు చివరికి రాజుగారి దాచిపెట్టిన కొడుకని తేలితే ఆమెకు నచ్చేది కాదు. “రాజు కొడుకే రాజయ్యేదుంటె గింత లావు పుస్తకమెందుకు?” అనేది. లోకమంతా తనదే కావాలనే మాంత్రికుణ్ని చూస్తే జాలిపడేది, ఆ లోకాన్నంతా ఊడ్చేదెవరని అడిగేది. ఒకసారి, హీరో తెల్లవారుజామున సద్ది కట్టుకోకుండా బయల్దేరితే మండిపడింది.

“వాళ్లవ్వ ఏం జేస్తుంది? సద్ది కట్టియ్యదా?” అంది. మా దగ్గర అవ్వంటే అమ్మ.

“వాళ్లవ్వ లేదు పెద్దమ్మ. గీ కథలల్ల అందరికీ అవ్వ సచ్చిపోయే ఉంటది.”

“గట్లెందుకు?”

“అవ్వ ఉంటె పోనియ్యదు గద.”

ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. “గది మాత్రం మంచిగ జెప్పినవు” అంది. నేను ఒక నవల గురించి చెప్పిన మొదటి సొంత అభిప్రాయం అదే. దానికి దొరికిన మెచ్చుకోలు కూడా అదే మొదటిది. ఆ తర్వాత క్లాసులో చెయ్యెత్తడానికి నాకు భయం వేయలేదు.

అన్నిట్లోనూ ఆమెదే ఒప్పని నేననను. చివర్లో హీరో ఇల్లు వదిలి సముద్రం దాటి పోయే ముగింపులంటే ఆమెకు ఒళ్లు మంట. నాకేమో అవే ఇష్టం. ఈ సంగతిలో ఆమె పొరబడిందనే ఇప్పటికీ నా నమ్మకం. పాటలొస్తే దాటెయ్యమనేది, యుద్ధాలొస్తే తొందరగా కానిమ్మనేది. ఏ పుస్తకం నిజంగా బాగుందో ఆమె నోటితో చెప్పాల్సిన పని లేదు. కథ పట్టుకున్నప్పుడు కత్తెర ఆగిపోయేది. ఆకు ఒక చేతిలో, కత్తెర ఇంకో చేతిలో అలాగే ఉండిపోయేవి. చేసిన బీడీలను బట్టి కూలి కాబట్టి ఆ కత్తెర ఊరికే ఆగదు. మంచి నవలంటే నాకు ఇప్పటికీ కత్తెర ఆగిన నవలే.

ఒకే ఒక్క నవల చెప్పడానికి తటపటాయించాను. అందులో ఒక పట్నం సరస్సు కింద మునిగి ఉంటుంది. పెద్దమ్మ తల్లిగారి ఊరు వేములఘాట్. అదిప్పుడు మల్లన్నసాగర్ రిజర్వాయర్ నీళ్ల కింద ఉంది. నేను ఆ అధ్యాయం దాటేసి పోతుంటే ఆమె పసిగట్టి, ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పాను. హీరో నీళ్లలోకి దిగి, మూసి ఉన్న తలుపులను ఒక్కొక్కటీ తోసుకుంటూ పోతాడు.

“తలుపులున్నయా ఇండ్లకు?” అంది పెద్దమ్మ.

“ఉన్నయి.”

“మేమైతె ఊడదీస్కొచ్చినం. మా తమ్ముడు దర్వాజతోని సహా తెచ్చుకున్నడు.” మళ్లీ ఆకు అందుకొని, “గాళ్లకు టైం ఇయ్యలేదేమో పాపం” అంది.

పుస్తకంలోని ఆ మునిగిన జనం మీద అంతకు ముందు నాకు ఏ జాలీ కలగలేదు. ఆ రోజు కలిగింది.

ఇక చివరి అధ్యాయం సంగతి. పెద్దమ్మ బియ్యం డబ్బాను ఎన్నడూ అడుగు కనబడనిచ్చేది కాదు. కొత్త బియ్యం ఇంట్లోకి వచ్చేదాకా పాతవి ఒక గుప్పెడైనా డబ్బాలో ఉండాలి. నవలకూ అదే పద్ధతి పెట్టింది. మా మొదటి పుస్తకం ఆఖరుకు వచ్చినప్పుడు, ఇంకెంత ఉందని అడిగింది. ఒక్క అధ్యాయమని చెప్పాను.

“ఇగ అది అడుగు బియ్యం. ఉండనియ్యి. ఇంకో పుస్తకం తెచ్చి మొదలువెట్టు, అప్పుడు ఇది ఒడగొడుదం.”

ఒడగొట్టేదాకా, అంటే కలిసి ముగించేదాకా, నేనూ ముందుగా చదవకూడదు. అది ఒప్పందం. ఆఖరు తెలుసుకోవాలన్న ఆత్రంతో కొత్త పుస్తకం కోసం ఊరంతా తిరిగేదాన్ని. జిల్లా లైబ్రరీలో సభ్యత్వం తీసుకున్నది అందుకే. హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాల సంచులు వెతికింది అందుకే. లైబ్రరీలో సారు ఒకసారి నేను తిరిగిచ్చిన పుస్తకం వాసన చూసి, “మీ ఇంట్ల బీడీలు తాగుతరా?” అని అడిగారు. “తాగరు సార్, చేస్తరు” అన్నాను. ఆయన నవ్వి ముద్ర వేశారు. ఆ పద్ధతి వల్ల ఆ రోజు నుంచి మొన్నటిదాకా నా చేతిలో పుస్తకం లేని రోజు లేదు. ఇంతకంటే పెద్ద మేలు నాకెవరు చేశారో నేను చెప్పలేను.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. పెద్దమ్మ కోడలు, నేను వదిన అంటాను. గడప లోపల తన చాట పెట్టుకొని కూర్చునేది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, తల వంచుకొని పని. ఇన్నేళ్లలో మా కథల్లోకి ఒక్క మాట కలపలేదు. పాటలు వింటుందనుకున్నాను.

ఈ ఏడాది పెద్దమ్మ ఆయాసం ఎక్కువైంది. దవాఖానలో చేర్చాక కూడా సాయంత్రం పూట వెళ్లి ఆఖరి భాగం చెప్పేదాన్ని. గొంతు సన్నబడింది కానీ ప్రశ్నలు తగ్గలేదు. కోట ముట్టడిలో ఉంటే లోపలి పసిపిల్లలకు పాలెలా అని అడిగింది. చివరి అధ్యాయం ముందు నేనే ఆగాను. ఈసారి పద్ధతి పక్కన పెడదామని నాకు అనిపించింది. ఆఖరు వినకుండా ఆమె పోతుందేమోనని భయపడ్డాను.

“ఇయ్యాల ఒడగొడుదమా పెద్దమ్మ?”

“కొత్త పుస్తకం తెచ్చినవా?”

“ఇంకా లేదు.”

“తెచ్చినంకనే జెప్పు. నేనాగుత తియ్యి.”

మర్నాడు లైబ్రరీకి సెలవు. ఆ మర్నాడు అమ్మ ఫోన్ వచ్చింది.

దినాలు అయ్యేదాకా ఆ పుస్తకం బ్యాగులోనే ఉంచాను. ఆఖరులో ఏముందో చూడాలన్న ఆత్రం చచ్చిపోయింది. చదివి ఎవరికి చెప్పాలి? బావిలో పడ్డవాడు పైకొచ్చాడా అని నన్నింకెవరు అడుగుతారు? ఇక ఈ నవలలు చదవలేనేమో అనిపించింది. దుఃఖం కంటే ఆ అనుమానమే ఎక్కువ భయపెట్టింది.

అయినా ఒక రోజు లైబ్రరీకి వెళ్లి కొత్త పుస్తకం తెచ్చాను. తెస్తే చెప్పమంది కదా. సాయంత్రం అరుగెక్కాను. మూలన ఆమె ఆనుకునే చోట గోడ సున్నం అరిగి నున్నగా ఉంది. వదిన గడప లోపల తల వంచుకొని ఆకు కోస్తోంది. నేను ఎవరికీ అని కాకుండా మొదటి అధ్యాయం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఒక ఆడమనిషి చాలా దూరం నుంచి గుర్రం మీద వచ్చింది, సత్రం ముందు దిగింది, తలుపు తోసుకొని లోపలికి పోయింది.

“గుర్రానికి నీళ్లు తాపిందా?”

వదిన అడిగింది. ఇయర్‌ఫోన్ చెవి నుంచి ఊడి భుజం మీద వేలాడుతోంది. దానిలోంచి ఏ పాటా వినిపించడం లేదు.

నేను పుస్తకంలోకి చూశాను. అందులో లేదు.

“తాపింది వదినా. తాపినంకనే లోపటికి పోయింది” అన్నాను.

వదిన చాట ఎత్తుకొని గడప దాటి అరుగు మీదికి వచ్చింది. మూలన కూర్చోలేదు, ఆ చోటు వదిలి ఇవతల కూర్చుంది.

“కొత్తది ఇంట్లకొచ్చింది గద. ఇగ అడుగు బియ్యం తియ్యి” అంది.

బ్యాగులోంచి పాత పుస్తకం తీశాను. తంబాకు వాసన వేసింది. ఖాళీగా ఉన్న ఆ మూల వైపు తిరిగి చివరి అధ్యాయం చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి వదిన చేతిలో కత్తెర ఆగింది.