తగ్గింపు వద్దన్న గిరాకీ

బేరంలో నన్ను గెలిచినవాడు లేడని అనంతపురం పాత బజారులో నాకో పేరు ఉండేది. పుట్టించింది నేనే. రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన ఒక కరువులో ఓ హాస్టల్ వార్డెను దాన్ని మట్టిలో కలిపాడు. పాపం, అతడు బేరం కూడా ఆడలేదు.

ఆ ఏడు చెనిక్కాయ, అదే వేరుశనగ, పండలేదు. రాయదుర్గం టోకు వ్యాపారి దగ్గర అరువు తెచ్చిన దుప్పట్లు చలికాలమంతా మా బట్టల కొట్లోనే వెచ్చగా పడుకున్నాయి. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ బాకీ తీరిస్తేనే ఆయన యూనిఫాం గుడ్డ పంపుతాడు. కరువు ఏట మాకు మిగిలిన వ్యాపారం అదొక్కటే.

మార్చి చివరి వారం, రోడ్డు మీద తారు కరుగుతున్న వేళ, ప్రభుత్వ హాస్టల్ వార్డెను దుప్పట్లు కావాలని వచ్చాడు. నేను అలవాటు కొద్దీ ధర పెంచి చెప్పి, అతడు మొహం చిట్లించకముందే "మీకోసం పది రూపాయలు తగ్గిస్తా సార్" అన్నాను.

"వద్దప్పా! తగ్గియ్యొద్దు!" అని ఉలిక్కిపడ్డాడు. "ముప్పై ఒకటి లోపల దుడ్లంతా ఖర్చు రాయల్ల. మిగిలిందంటే, మీకు అవసరం లేదని వచ్చే ఏడు కోసేస్తారు."

పొదుపు చేసినవాడికి శిక్ష వేసే సంసారాన్ని నేను అంతవరకు చూడలేదు. లెక్క రూపాయితో సహా సరిపోయేదాకా తువ్వాళ్లు కూడా కట్టాను. డబ్బు ట్రెజరీ నుంచి వస్తుందన్నాడు.

ఎవరికీ అరువివ్వని నాయన కూడా ఈసారి తల ఊపాడు. "గవర్నమెంటుకు ఇస్తే భయమేముందిరా? పారిపోదు, సావదు."

చావనివాడికి తొందర కూడా ఉండదని మా ఇద్దరికీ తట్టలేదు.

ఏప్రిల్ అయిపోయింది. ట్రెజరీకి వెళ్తే గుమాస్తా నా బిల్లు తీసి, ఎంతో ప్రేమగా చూపించాడు.

"బడ్జెట్ ఉండాదన్నా. దుడ్లే లేవు."

"రెండూ ఒకటి కాదా?"

"చెనిక్కాయ పండుతాదని లెక్కేసుకొని రైతు పెండ్లి పెట్టుకుంటాడు సూడు, బడ్జెట్ అంటే అదే. పంట రాలేదని పెండ్లి ఆగుతాదా?"

"మరి ఆ లోటు?"

"అప్పు తెస్తారు."

"ఆ అప్పు?"

"ఇంకో అప్పు తెచ్చి కడతారు. నువ్వు గూడా అప్పిచ్చినోడివే గదన్నా, లైన్లో ఉండు."

మా బజారులో దీన్ని దివాలా అంటారు. పైన ఉన్నవాళ్లు చదువుకున్నవాళ్లు కాబట్టి రుణ నిర్వహణ అంటారు. నాకు తెలిసిన ఆయుధం ఒక్కటే, అదే తీశాను: ఇప్పుడే ఇప్పిస్తే నూటికి పది వదులుకుంటానన్నాను.

"తగ్గించుకునేదానికి జీవో లేదన్నా."

అమ్మినవాడు తగ్గిస్తానంటే కొన్నవాడు వద్దనడం అది రెండోసారి.

మే నెలలో రాయదుర్గం వ్యాపారి స్వయంగా వచ్చి కొట్లో కూర్చున్నాడు. నేను గుమాస్తా చెప్పిన పాఠం అప్పజెప్పాను. "బడ్జెట్ ఉండాదన్నా. దుడ్లే లేవు."

ఆయన మా మజ్జిగ చివరి చుక్కదాకా తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఏమప్పా, నువ్వేమన్నా గవర్నమెంటా? నువ్వు సస్తావు. ఆలోపలే నా బాకీ కట్టు."

కట్టాను, పక్క కొట్టాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. యూనిఫాం గుడ్డ వచ్చింది, అమ్ముడుపోయింది, లాభం వడ్డీకి సరిపోయింది. అప్పుతో అప్పు తీర్చి నేనూ ప్రభుత్వమంత ఎదిగాను. దీపావళికి బిల్లు డబ్బు వచ్చింది, రాసింది రాసినట్టు. నేను కట్టిన వడ్డీ మాటేమిటని అడిగాను. దానికీ జీవో లేదట.

మరుసటి మార్చిలో వార్డెను మళ్లీ వచ్చాడు. ఈసారి దుప్పటి ధరలోనే ఏడాది వడ్డీ కలిపి చెప్పాను. అతడు కన్నార్పలేదు. పైగా "లెక్క బిన్నా సరిపోతాందప్పా" అని, పని తొందరగా తేలినందుకు సంతోషపడ్డాడు.

అతడు వెళ్లాక నాయన అడిగాడు. "ఏందిరా అంత ధర?"

"వడ్డీ నాయనా. గవర్నమెంటే కడతాది," అన్నాను మీసం సవరించుకుంటూ.

నాయన నాలుగు రోజులుగా గల్లాపెట్టెలో పడి ఉన్న మా వృత్తి పన్ను నోటీసు తీసి నా ముందుకు తోశాడు.

"పోయి కట్టిరా పో. నీ వడ్డీకి వాళ్లకు దుడ్లు కావల్ల గదా."