గోడలు దగ్గరికొచ్చిన ఇల్లు

మా ఇంటికి కిటికీలు లేవు. ఆ మాటకొస్తే మా ఊళ్లో ఎవరింటికీ లేవు. కిటికీ పెడితే దొంగకు దారి చూపినట్లేనని పెద్దల నమ్మకం. మా ఇంట్లో దొంగ ఎత్తుకుపోయేది ఏముందో ఆ దొంగే వచ్చి చెప్పాలి. నందికొట్కూరు పక్క మట్టిమిద్దెలన్నీ అంతే. మూరెడు మందం గోడలు, వాటిమీద దూలాలు, పైన చవుడు మట్టి. వెలుతురు కోసం పైకప్పులో ఒక చదరపు కంత ఉంటుంది, దాన్ని గవాచి అంటాం. వాన పడితే పైకి పరుగెత్తి దాన్ని బండతో మూయాలి. మా సీమలో ఆ బండకు పెద్దగా పని ఉండదు.

నేను అయిదో తరగతిలో ఉండగా అయ్యవారు నన్ను, నేను అయ్యవారిని ఒకేసారి వదులుకున్నాం. ఆ తర్వాత ఎద్దులబండే నా చదువు. కర్నూలు రాజధాని అయిన రోజుల్లో ఆఫీసుల కోసం నాపరాళ్లు తోలేవాణ్ని. ఆఫీసర్లు డేరాల్లో కూర్చుని ఫైళ్లు ఎగిరిపోకుండా వాటిమీద నా రాళ్ల ముక్కలే పెట్టుకునేవాళ్లు. ప్రభుత్వాన్ని గాలికి పోకుండా పట్టుకున్నది నేనేనని ఊళ్లో చెప్పుకునేవాణ్ని.

మా ఇంటికి అలంకారం వచ్చింది నా భార్యతోనే. అంతకుముందు మా అమ్మకు తెలిసిన అలంకారం పేడతో అలకడం ఒక్కటే. నా భార్యది కడప పక్క, గండికోట దిగువన పెన్న ఒడ్డు. వచ్చిన ఏడాదే గోడలకు సున్నం కొట్టించి, కింద మోకాలెత్తున జాజు పట్టీ వేసింది. జాజు అంటే ఎర్రమన్ను, నానబెట్టి గుడ్డతో పూస్తారు. ఆ పట్టీ పై అంచున వేలికొనతో సున్నం చుక్కలు, ఒకదానికీ ఇంకొకదానికీ వెంట్రుకంత తేడా లేకుండా. గోడలోని గూళ్లకు గోపురం ఆకారంలో ఎర్రగీతలు. మూలనున్న దొంతికుండల మీద తీగలు.

"ఇది ఇల్లా, పెండ్లిపందిరా?" అంది మా అమ్మ.

"పందిరైతే మూడునాళ్లకు పీకేస్తారత్తా. ఇది ఉంటాది," అంది నా భార్య.

"మన ఎద్దులు గూడా లోపలికొచ్చి పండుకుంటామంటాండాయే," అన్నాను నేను. జాజు గుడ్డ సూటిగా వచ్చి నా మొహాన పడింది. ఆమె గురి అట్లా ఉండేది.

కర్నూల్లో ఆఫీసు గోడలకు లేతనీలం వేస్తున్నారని, మనమూ సున్నంలో నీలిమందు కలుపుదామని ఒకసారి చెప్పాను.

"ఆఫీసు గోడ ఎవురిదీ కాదు. అందుకే దానికి ఒకటే రంగు. ఇది నాది," అంది. ఇంటికి పెద్దకొడుకును నేను, పట్టా నా పేరున ఉంది, అయినా ఆ మాటకు ఎదురుచెప్పే ధైర్యం నాకు రాలేదు.

కూతురు పుట్టాక దూలానికి ఉయ్యాల కొక్కెం పడింది. పిల్ల పాకడం మొదలుపెట్టాక ఇత్తడి బిందెలు అటకెక్కాయి. పిల్ల నడిచాక జాజు పట్టీ కూడా నడుమెత్తుకు పెరిగింది, ఎందుకంటే దాని చేతి మరకలన్నీ ఆ ఎత్తులోనే. ఇంట్లో ఎవరు ఎంత ఎదిగారో గోడను చూస్తే తెలిసేది. నేను తప్ప.

ఒక ఉగాదికి సున్నం చుక్కలు వరస తప్పాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి.

"ఏమే, చుక్కలు కల్లు తాగినాయా?"

"కొంపలో వెలుతురుంటే గదా! ఈ గుయ్యారంలో నీకు మాత్రం ఏం కనపడతాది?" అని గుడ్డ విసిరింది. అది నాకు తగల్లేదు. నేను తప్పించుకున్నాననుకుని నవ్వాను.

ఇల్లు చీకటి అన్న మాట నిజమే గదా. అందరికీ తెలిసిందే. మా అమ్మ ఒప్పుకుంది, ఎదురింటి వాళ్లు ఒప్పుకున్నారు, సున్నం కొట్టే ఆయన అందరికంటే గట్టిగా ఒప్పుకున్నాడు. రెండు పూతలు ఎక్కువ వేయించాం. దూలాలకు కూడా తెల్లసున్నమే. ఇల్లు పాలలో ముంచి తీసినట్లయింది.

అయినా ఆమె భుజం దొంతికుండలకు తగిలి దొంతి మొత్తం కూలింది. తీగలు గీసిన కుండలు. ఆమె పెంకులు ఏరుతూ, "ఈ గోడలు దగ్గరికొస్తాండాయయ్యా," అంది.

"పుట్టింటి వాళ్ల మాదిరి పలకరించను వస్తాండాయేమో," అన్నాను.

"నగుతాండావా? నిజం చెప్తాండా. పక్కనుంచి దూసుకొచ్చినట్లుండాది."

"చవుడు నేల గదమ్మా, గోడలు ఉబ్బుతాయి," అంది మా అమ్మ.

సరే, గోడలు దగ్గరికొస్తే అడ్డం తీసేద్దామన్నాం. ధాన్యం పోసుకునే గరిసెను పశువుల కొట్టంలో పెట్టాం. తిరగలి వసారాలోకి పోయింది. పెట్టెలు మంచం కిందికి పోయాయి. ఎదురింటి ఆయన తొంగిచూసి, "ఏమప్పా, ఊరిడ్సి పోతాండారా?" అన్నాడు. "లేదన్నా, గోడలకు జాగా ఇస్తాండాం," అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత పైకప్పులో రెండో గవాచి కొట్టించాం.

అది చాల్లేదు. చివరికి ఊరంతా వద్దంటున్నా వీధి గోడను పగలగొట్టి కిటికీ పెట్టించాను. కర్నూల్లో పాత బంగళా ఒకటి పడగొడుతుంటే దాని చట్రం తెచ్చాను. మా ఊళ్లో అదే మొదటి కిటికీ. పిల్లలు దానికెదురుగా కూర్చుని మేము అన్నం తినడం చూసేవాళ్లు. దొంగ మాత్రం రాలేదు, వాడికీ మా సంగతి తెలిసినట్లుంది.

కిటికీ పెట్టిన రోజు ఆమె దానికెదురుగా నిలబడింది. వీధిలో పోయే బర్రెలను, అవతలి అరుగు మీద ముసలాయన చుట్ట వెలిగించుకోవడాన్ని చూసింది. "ఎదురుగా ఉండేదంతా శానా బాగా కనపడతాందయ్యా," అని నవ్వింది. గూటి గోపురాలను మళ్లీ ఎట్లా గీయాలో ఆ పూటంతా నాకు వివరించింది. ఇల్లు బాగుపడిందనుకున్నాం అందరం.

ఎండాకాలం మొదట్లో మిట్టమధ్యాహ్నం పెరట్లో ఆమె మిరపకాయలు ఎండబోస్తోంది. కూతురు చెంబుతో మజ్జిగ తెచ్చి ఆమె పక్కనే నిలబడి చేయి చాపింది.

"ఇది యాడ పోయింది? మజ్జిగ తెమ్మంటి గదా!" అని కేకేసింది నా భార్య.

పిల్ల ఆట అనుకుని కిసుక్కున నవ్వింది. ఆమె చెవితో వెతుక్కుని, అటు తిరిగి, తల పూర్తిగా తిప్పాక గానీ పిల్లను చూడలేదు. పెరట్లో గోడ లేదు. పైన దూలం లేదు. నెత్తిన సూర్యుడున్నాడు. ఇంక దేన్ని తిట్టుకోవాలో మా ఇద్దరికీ తోచలేదు. ఆమె నా వైపు తిరిగి చూసింది. నేను బండికి ఎద్దులను కట్టాను.

కర్నూలు పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు కుర్రాడే, కోస్తా మనిషి. ఆమెను తన ముక్కు మీదే చూపు పెట్టమని, పక్కనుంచి వేళ్లు ఆడిస్తూ ఎన్నో చెప్పమన్నాడు. వేళ్లు ఉన్నాయని కూడా ఆమె చెప్పలేకపోయింది. ఆయన చాలాసేపు కళ్లలోకి దీపం వేసి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"నీటికాసులు. లోపలి నరం అంచుల నుంచి ఎండిపోతూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది చుక్కల మందుతో ఆగితే ఆగొచ్చు, చెప్పలేను. ఇంత ముదిరేదాకా ఇంతకాలం ఏం చేశారయ్యా మీరు?"

"ఇల్లు బాగుచేసినాం సార్," అన్నాను.

నేను ఏం మాట్లాడినా నవ్వడం ఊళ్లోవాళ్లకు అలవాటు. ఆయన నవ్వలేదు. ఎగతాళి చేస్తున్నానని కోపగించుకున్నాడు. నా బతుకులో పొల్లు లేకుండా నిజం చెప్పింది ఆ ఒక్కసారే.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆమె అడిగింది: "ఏమంటాడు?"

"మందేసుకోమంటాడు."

"గోడలు దగ్గరికి రాకుండా ఉంటాయంటనా?"

"వస్తే ఆయప్పనే వచ్చి నెట్టుకోమని చెప్పినాలే."

ఆమె నవ్వింది. నిజం ఆమెకు అప్పటికే తెలుసు. నాకు తెలిసిందని కూడా ఆమెకు తెలుసు.

మందు కళ్లలో మండడం తప్ప ఇంకేమీ చేయలేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది, డేరాలు పోయాయి, నా బండికి పని తగ్గింది. ఇంట్లో ఎక్కువసేపు ఉండి ఆమె చూపు పోవడం చూశాను. మొదట గవాచి కింద పడే ఎండ మాత్రం కనిపిస్తుందనేది. తర్వాత ఎండను ఒంటిమీది వేడితో కనిపెట్టేది. తర్వాత ఎప్పుడో ఒకరోజు కూతురి మొహాన్ని చేత్తో తడిమింది, కొత్త కుండను కొనేముందు తడిమినట్లు, నెమ్మదిగా, అడుగు నుంచి అంచు దాకా.

ఆమె గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. మేము పూతమీద పూత వేసిన సున్నం ఆమె అరచేతులను కొరికింది. చర్మం పగిలి నెత్తురు చెమ్మ, తెల్లగోడ వెంబడి చేయెత్తున ఒక మాసిన గీత. దాంతో ఇల్లు మళ్లీ మార్చాల్సొచ్చింది. సున్నమంతా గీకేసి, ఎర్రమట్టిలో పేడ కలిపి మెత్తగా మెత్తాను. మా అమ్మ చేసిన పనే, అమ్మకంటే అధ్వానంగా. తిరగలిని, పెట్టెలను మళ్లీ పాత జాగాల్లోకి తెచ్చాను, ఆమె చేతికి అవే గుర్తులు గనక.

మెత్తడం అయ్యాక ఒక కుండలో జాజు నానబెట్టి, గుడ్డ తీసుకుని ఆమె దగ్గర కూర్చున్నాను.

"పట్టీ ఎంత ఎత్తు వెయ్యాల? మోకాలెత్తా, నడుమెత్తా?"

"నీ ఇష్టం."

"గూళ్లకు గోపురం గీయాలన్నావు గదా. ఎట్లో ఇంకోతూరి చెప్పు."

"ఏదో ఒకటి పూయి."

"నా ఇష్టమంటే ఏనుగును గీస్తా. తొండం వంటింట్లో, తోక వీధిలో."

ఒకప్పుడైతే నా చేతిలోని గుడ్డ లాక్కుని నా మీదే విసిరేది. నేను దాన్ని ఆమెకు అందేంత దగ్గరగా పట్టుకున్నాను, కావాలనే.

"గీయి," అంది. గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది.

జాజు కుండలోనే గడ్డకట్టుకుపోయింది. కొన్నాళ్లకు మా అమ్మ దాన్ని గీకి దిబ్బలో పారేసి, కుండ కడిగి బోర్లించింది.