మంగ పిన్ని కూర్చుని తిన్న రోజు

నిన్న పొద్దున వీరబాబు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది."

ఏ అమ్మ అని అడిగాను. నిజంగానే అలా అడిగాను. బుర్ర పనిచేయలేదు.

నేనప్పుడు ఇక్కడ బహ్రెయిన్‌లో, సల్మానియా ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాను. మూడో అంతస్తులో ఒక పేషెంటుకి బీపీ చూస్తున్నాను. మంగ పిన్నిని తీసుకొచ్చింది అదే ఆస్పత్రికి. మెట్లు దిగి పరిగెత్తాను, అప్పటికే అంతా అయిపోయింది. గుండెపోటు. పనిచేసే ఇంట్లో, వంటింట్లో నిలబడే కూలిపోయిందట.

నిన్నటి నుంచి ఒకచోట ఉండలేకపోతున్నాను. లేస్తాను. ఫోన్ చూస్తాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో గుర్తుండదు. రాస్తేనైనా కుదురు వస్తుందేమోనని రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి చెప్పాలి. మంగ పిన్ని మా అమ్మ చెల్లెలు. రాజోలు దగ్గర ఊరు. బాబాయ్ తాగి తాగి లివర్ పాడై చనిపోయాక, కొడుకు వీరబాబుని మా అమ్మకి అప్పజెప్పి బహ్రెయిన్ వచ్చింది. పదకొండేళ్ళు ఒక స్పెయిన్ కుటుంబం ఇంట్లో వంట చేసింది. ఇప్పుడు వీరబాబు కూడా ఇక్కడే, మామీర్‌లో వెల్డర్. కంపెనీ పనివాళ్ళ క్యాంపులో ఉంటాడు.

పోయినేడాది ఆ కుటుంబం తమ దేశం వెళ్ళిపోతూ పిన్నికి ఒక పెద్ద వెడల్పాటి పెనమూ, మూడు వైన్ సీసాలూ ఇచ్చింది. పిన్ని ఇంకో ఇంట్లో వంటకి కుదిరింది. రెండు నెలలకి యాభై నిండాయి.

"నిజం పుట్టినరోజు ఎవరికి తెలుసే? పాస్‌పోర్టులో ఏది రాశారో అదే నాది" అనేది.

హోటల్‌కి వెళ్దామంటే ఒప్పుకోలేదు. "మీ ఇంట్లో నేనే వండుతాను. మా మేడం పుట్టినరోజుకి ఎలా వండేదాన్నో అలాగే. కాకపోతే ఈసారి నేను కూడా కూర్చుంటాను."

శుక్రవారం. నయీమ్‌లో మా రెండు గదుల ఫ్లాట్. మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టింది. చల్లగా తాగే టమోటా చారు, గజ్‌పాచో. బంగాళాదుంపలతో మందపాటి గుడ్డట్టు. ఆలివ్ నూనెలో వెల్లుల్లితో వేయించిన రొయ్యలు. చివరికి ఆ పెనం మీద కోడిమాంసం వేసిన అన్నం, పాయెయా. పులావనుకుని గరిటె పెట్టబోతే నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"కలపకూడదే! అడుగంటాలి. ఆ మాడు కోసమే కొట్టుకుంటారు వాళ్ళు."

ఇంగ్లిష్‌కి నోరు తిరగదు గానీ వైన్ పేర్లు మాత్రం మేడం పలికినట్టే పలికేది. కావా, నురగొచ్చేది, ముందు. అల్బరీన్యో, తెల్లది, రొయ్యలకి. రియోహా, ఎర్రది, మాంసానికి.

"రొయ్యకి ఎర్రది పోస్తే నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. మేడం ఓసారి చెంచాడు రుచి చూపించిందిలే."

మా ఇంట్లో వైన్ గ్లాసులెక్కడివి? స్టీలు గ్లాసుల్లోనే పోశాం.

కానీ పిన్ని కూర్చుంటే కదా! మా ఆయన ప్లేటు ఖాళీ అయితే లేచేది. స్టవ్ కోసం లేచేది. నాప్‌కిన్ కోసం లేచేది. నేను చెయ్యి పట్టి లాగితే నవ్వి, కుర్చీ అంచున కూర్చుని, మళ్ళీ లేచేది.

రొయ్యలు అయిపోతుండగా వీరబాబు ఓవర్‌టైం ముగించుకుని వచ్చాడు. చేతిలో కేక్ డబ్బా. బల్ల మీది సీసాలు చూశాడు. తల్లి చేతిలో గ్లాసు చూశాడు.

"నాన్న దేంతో పోయాడో మర్చిపోయావా అమ్మా?"

కేక్ అక్కడ పెట్టి దిగిపోయాడు.

పిన్ని కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద వీధిలో వాడు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు. పిన్ని కూడా కిటికీ నుంచి స్టవ్ దగ్గరికీ, స్టవ్ నుంచి కిటికీకీ.

"పదకొండేళ్ళు ఒకళ్ళకి పోశానే. ఒక్కసారి నాకెవరైనా పోస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. అంతే. తప్పయిపోయిందా?"

నేను కిందికి వెళ్ళి వాడికి ఆ మాటే చెప్పాను. వాడు నా వైపు చూడలేదు.

"నాన్న వాంతులు కడిగింది నేను అక్కా. ఎనిమిదేళ్ళు నాకప్పుడు."

"అన్నం చల్లారిపోతోంది, రారా" అన్నాను. కాసేపటికి నా వెనకే మెట్లెక్కాడు.

వాడు రాగానే పిన్ని ఎర్ర సీసా తీసుకుని సింకు వైపు నడిచింది. వాడు అడ్డం వచ్చి సీసా తీసుకున్నాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇది దేంతో తాగాలి?"

"మాంసంతో" అంది పిన్ని, మెల్లగా.

వాడు ఆవిడ ప్లేటులో పాయెయా వడ్డించాడు. అడుగు మాడు గీకి పక్కన పెట్టాడు. స్టీలు గ్లాసులో రెండు గుక్కలు పోశాడు. "కూర్చోమ్మా. ఇంక లేవకు."

పిన్ని కూర్చుంది. వీపు ఆనించి కూర్చుంది. ఏడుస్తూనే తింది. వాడు మంచినీళ్ళు తాగుతూ ఆవిడ ప్లేటు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. మిగిలింది పోయబోతే గ్లాసు మీద చెయ్యి పెట్టింది. "చాల్రా. తెలిసింది."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం వాడు తల్లి దగ్గరికి వచ్చేవాడు. అంతకుముందు నెలకోసారి వస్తే గొప్ప.

పోయిన వారం పిన్ని ఫోన్‌లో ఎడమ చెయ్యి లాగుతోందంది. "ఓసారి వచ్చి చూపించుకో" అన్నాను. "పని అయ్యాక వస్తాలే" అంది. నేను మళ్ళీ అడగలేదు. నేను నర్సుని. నన్ను కూర్చోనివ్వనిది అదే.

వీరబాబు పొద్దున్నుంచీ కాగితాల కోసం తిరుగుతున్నాడు. పిన్నిని వాడే ఊరికి తీసుకెళ్తాడు.

వెళ్ళిరా పిన్నీ. నన్ను క్షమించు. ఏ తొందరా లేని చోట హాయిగా, ప్రశాంతంగా ఉండు.